మంచం దిగవద్దన్నది నేనే
(అక్టోబరు 1, వయోవృద్ధుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్ఫై నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేశాను. ఆధారాలు జతచేయని ఫైలును మా సూపరింటెండెంటు గారు ఆ పూటే తిప్పి పంపేవారు. అటువంటి నేను, ఇంట్లో మాత్రం ఏ ఆధారమూ చూడకుండా ఉత్తర్వు జారీ చేశాను.

మూడేళ్ల క్రితం నా భార్య స్నానాలగదిలో జారిపడింది. ఎముక విరగలేదు. "ఇక నువ్వు మంచం దిగవద్దు, అన్నీ అందిస్తాం" అన్నాను. ప్రేమతోనే అన్నాను. ఆరు నెలల్లో ఆమె కాళ్లలో సత్తువ పోయింది. ఒక రాత్రి లేవబోయి మళ్లీ పడింది. ఈసారి తుంటి విరిగింది.

ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపీ చేయించిన అమ్మాయి, "పడతారని కదలనివ్వకపోతేనే ఎక్కువగా పడతారు తాతగారూ" అంది. ఆధారం ఏమిటని అడిగాను. మర్నాడు కాగితాలు తెచ్చి, తెలుగులో వివరించింది.

కాక్రేన్ సంస్థ వారు 2019లో, 25 దేశాలలో 23,407 మంది వృద్ధులతో జరిగిన 108 పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించారు. వ్యాయామం వల్ల పడిపోవడాలు 23 శాతం తగ్గుతాయని తేల్చారు. ముఖ్యంగా పనిచేసేవి కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఆసరా దగ్గర పెట్టుకుని ఒంటికాలిపై నిలబడటం వంటి నిలకడ పెంచేవి. ఒక్క నడకే చాలునని మాత్రం రూఢి కాలేదు. ఉదయపు నడకతో సరిపెట్టుకునే మనం ఇది గమనించాలి.

2023లో అదే సంస్థ మరో సమీక్ష చేసింది. జారే నేల, చాలని వెలుతురు వంటి లోపాలను ఇంట్లో సరిచేస్తే, ఇదివరకు పడినవారి వంటి ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిలో పడిపోవడాలు 38 శాతం వరకు తగ్గవచ్చునట. ఆ సంగతి తెలిశాక మా స్నానాలగదిలో కడ్డీ బిగించాను. ఇప్పుడు ఆమె వాకర్‌తో తులసికోట దాకా వెళుతోంది.

మన నెలవారీ సమావేశంలో డి.ఏ. బకాయిల చర్చకు ముందు అరగంట, ఫిజియోథెరపిస్టును పిలిపించి ఈ వ్యాయామాలు నేర్చుకుందాం. ఎవరికి ఏది తగునో వైద్యుని అడిగే మొదలుపెడదాం. పడ్డామని చెప్పుకోవడానికి మనకు సిగ్గు. ఆ సిగ్గు విడిచి, ఎవరు, ఎక్కడ, ఏ వేళ పడ్డారో ఒక రిజిస్టరులో రాద్దాం. ఏడాది తర్వాత మన లెక్క మనకే తెలుస్తుంది.

ఆ రిజిస్టరు నిర్వహించే పని నాకు అప్పగించండి. మొదటి రెండు పద్దులు మా ఇంటివే.