నెయ్యి అమృతమైతే మన కూర విషమెట్లయింది?

(అంబేడ్కర్ జయంతి నాడు వాడలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



జయంతి నాడు పంతులు మైకు పట్టుకుంటే రాజ్యాంగం గురించో, రిజర్వేషన్ల గురించో చెప్తడనుకుంటరు. అవి చెప్పెటోళ్లు నా వెనుక ఇంకా నలుగురున్నరు. నేను ఇయ్యాల తిండి గురించి మాట్లాడత. ఎందుకంటే, పోయిన జయంతికి ఈ చెట్టు కింద డప్పు కొట్టిన ఇద్దరు ఈ జయంతికి లేరు. ఇద్దరికీ యాభై నిండలేదు. ఒకాయన పొలం కాడ ఛాతి పట్టుకొని కూలిండు. ఇంకొకాయనకు షుగర్ ఉన్నదని కాలికి పుండు లేసి కుళ్లేదాకా తెలవలేదు.

గుండెపోటు, షుగర్ దొరల జబ్బులు, కూసోని తినేటోళ్ల జబ్బులు అని మనం ఇన్నేండ్లు అనుకున్నం. అది తప్పు. 2003-04 ప్రాంతంలో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఎవరు ఏ కారణంతో చనిపోతున్నారో లెక్క తీశారు. ప్రతి మూడు చావుల్లో దాదాపు ఒకటి గుండె, రక్తనాళాల జబ్బు వల్లనే. అది పట్నం లెక్క కాదు, పల్లె లెక్క.

ఇగ నా సంగతి చెప్త. రెండేండ్ల కింద పట్నంలో ఒక డాక్టరు దగ్గరికి పోయిన. రక్తపరీక్ష కాగితం చూసిండు. పేరడిగిండు, ఊరడిగిండు, ఊళ్లె ఏ దిక్కు ఉంటరని అడిగిండు. "మీరు పెద్దకూర తింటరు గదా, ముందు అది మానేయండి" అన్నడు. గోళీలు రాసిచ్చి పంపిండు. రోజూ ఏం తింటవు, ఎంత తింటవు అని ఒక్క మాట అడగలేదు.

నేను లెక్కల పంతుల్ని. ఇంటికొచ్చి వారం దినాలు నోటుబుక్కులో రాసుకున్న. పెద్దకూర వారంలో ఒక్క పూట, అదీ అరకిలో నలుగురం. అన్నం మాత్రం మూడు పూటలు, పళ్లెం నిండా. చక్కెర చాయ్ రోజుకు ఆరు. సాయంత్రం బడి ముందర మిర్చిబజ్జీలు. నడక లేదు, బండి మీద పోవుడు, కుర్చీల కూసునుడు. మా నాయిన ఇంతకన్నా ఎక్కువే తిన్నడు. కానీ తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా ఒకరి పొలంలో నాగలి వెంట నడిచిండు. నేను చదువుకొని ఆయన పని విడిచిన, ఆయన పళ్లెం విడవలేదు. నేరం చేసింది ఒకరు, కేసు పెట్టింది ఇంకొకరి మీద. మన వాడలకు ఇది కొత్త కాదు గదా!

అసలు కొలెస్ట్రాల్ అంటే ఏమిటి? మైనం లాంటి పదార్థం. అది విషం కాదు. ఒంట్లో ప్రతి కణం గోడకూ అది కావాలె, పైత్యరసానికి కావాలె, కొన్ని హార్మోన్లకూ కావాలె. అందులో ఎక్కువ భాగం మనం తినకపోయినా మన కార్జమే తయారు చేసుకుంటది. నెత్తురులో దాన్ని మోసే బండ్లు ఉంటయి. ఎల్‌డీఎల్ అనే బండి సరుకును కార్జం నుంచి ఒళ్లంతా మోసుకపోతది. ఈ బండ్లు మరీ ఎక్కువైతే రక్తనాళాల గోడల్లోకి దూరి పేరుకుంటయి. ఏండ్ల తరబడి పేరుకున్న ఆ పూత ఒకనాడు పగిలితే అక్కడ నెత్తురు గడ్డ కడతది. గుండె దారి మూసుకపోతే గుండెపోటు, మెదడు దారి మూసుకపోతే పక్షవాతం. హెచ్‌డీఎల్ అనే ఇంకో బండి మిగిలిన సరుకును కార్జానికి తిరిగి తెస్తది. మూడోది ట్రైగ్లిజరైడ్లు. ఇది నెత్తురులో తిరిగే కొవ్వు.

ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా పెంచేది సంతృప్త కొవ్వు. అది ఎక్కువైతే కార్జం నెత్తురులోంచి ఎల్‌డీఎల్‌ను వెనక్కి లాక్కునే పని మందగిస్తది. మరి ఈ సంతృప్త కొవ్వు దేంట్లో ఎంత ఉన్నదో చూడండి. గొడ్డు కొవ్వులో దాదాపు సగం. నెయ్యిలో 60 శాతం పైన. కొబ్బరినూనెలో 90 శాతం దాకా. పామాయిల్‌లో ఇంచుమించు సగం. పల్లినూనెలో ఐదో వంతు. నువ్వులనూనెలో అంతకన్నా తక్కువ, కుసుమనూనెలో ఇంకా తక్కువ.

ఇప్పుడు చెప్పండి, నెయ్యి అమృతమైతే మన కూర విషమెట్లయింది? ఒకటేమో ఆవు పాల నుంచి వచ్చిన కొవ్వు, ఇంకొకటి ఆవు ఒంటి నుంచి వచ్చిన కొవ్వు. రక్తనాళం ఇది గుళ్లె దీపం పెట్టిన నెయ్యా, వాడలో ఉడికిన కూరా అని కులం అడగదు. గొడ్డుమాంసం తినడానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని బాబాసాహెబ్ 1948లో అంటరానివాళ్ల మీద రాసిన పుస్తకంలోనే విప్పి చూపిండు. ఆ పాత అంటరానితనమే ఇయ్యాల మందుల చీటీ మీదికి ఎక్కింది.

అయితే మిత్రులారా, మనువాది మన కూరను తిట్టిండని మనం కొవ్వు ముద్దలను నెత్తిన పెట్టుకోవద్దు. కూర తినుడు మన హక్కు. ఎంత తినాలె, ఎట్ల వండాలె అనేది మన తెలివి. పని చేసి ముదిరిన గొడ్డు కండలో, దున్న మాంసంలో కొవ్వు తక్కువే. మాంసకృత్తులు, ఇనుము దండిగా ఉంటయి. మన తల్లులు తునకలు ఎండబెట్టి చింతపండు పులుసులో నాలుగేసి వేసి ఇంటిల్లిపాదికీ పెట్టేటోళ్లు. ఇప్పుడు దావత్ అంటే కిలోలకు కిలోలు, పైన తేలేంత నూనె, పక్కన సీసా. రోజూ ఎర్రమాంసం ఎక్కువెక్కువగా తింటే గుండెకు మంచిది కాదు, అది ఏ కులపోడు తిన్నా సరే. తెల్లకొవ్వు తీసేసి, పప్పో ఆకుకూరో కలిపి వండుకుంటే మన కూరతో మనకు తగాదా లేదు.

ఇగ అసలు ముద్దాయి దగ్గరికి వద్దాం. నా కాగితంలో ఎల్‌డీఎల్ కన్నా ట్రైగ్లిజరైడ్లే మస్తుగ పెరిగి ఉన్నయి. హెచ్‌డీఎల్ పడిపోయి ఉన్నది. మన దేశంలో చానామందికి ఇదే తీరు. దీనికి పెద్ద కారణం కూర కాదు, అక్కరకు మించిన తెల్లన్నం, చక్కెర, మైదా. ఒళ్లు ఖర్చు పెట్టని పిండిపదార్థాన్ని కార్జం కొవ్వుగా మార్చి నెత్తురులోకి వదులుతది. మిగిలింది పొట్ట చుట్టూ, కార్జం లోపల దాచుకుంటది. అప్పుడు ఇన్సులిన్ మాట ఒళ్లు వినదు. షుగర్ మొదలైతది. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే దేశంలో 10 కోట్ల మందికి షుగర్ ఉన్నదని లెక్క తేల్చింది.

తెల్లన్నం మన పళ్లెంలోకి ఎట్లొచ్చింది? మన తాతలు జొన్న గటక, కొర్రన్నం, సజ్జ రొట్టె తిన్నరు. వరన్నం పండుగకే. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినంక మన పొయ్యి రోజూ వెలిగింది. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. ఆకలి తెలిసినోడు బియ్యాన్ని తిట్టడు. కానీ బియ్యం ఒక్కటే ఇచ్చి, పప్పు ఇయ్యకపోతే పళ్లెం తెల్లగనే ఉంటది. జొన్నచేన్ల జాగల పత్తి వచ్చింది. మనకేమో భూమే లేకపాయె.

ఇంకో సంగతి వినండి, తల్లులు మరీ వినాలె. హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో 1987 నుంచి 1990 దాకా 15 ఊళ్లల్లో గర్భిణులకూ, ఆరేండ్ల లోపు పిల్లలకూ అంగన్‌వాడీ తిండి అదనంగా అందింది. పక్కనున్న 14 ఊళ్లకు ఇంకా అందలేదు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏండ్లు వచ్చినంక పరీక్షించారు. 2008లో ఫలితం అచ్చయింది. తిండి అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నరు. వాళ్లలో ఇన్సులిన్ మాట ఒళ్లు వినకపోవడం ఐదో వంతు తక్కువ. రక్తనాళాల బిరుసు కూడా తక్కువ. కొలెస్ట్రాల్‌లో పెద్ద తేడా కనపడలేదు, ఉన్నదున్నట్టు చెప్పాలె. దీని అర్థం ఏమిటి? తల్లి కడుపులో మాడిన బిడ్డ ఒళ్లు పెద్దయినంక షుగర్‌కు తొందరగా లొంగుతది. తల్లుల ఆకలి మన నెత్తురులో ఇంకా తిరుగుతున్నది. అందుకే అంగన్‌వాడీ గుడ్డు దానం కాదు, బాకీ.

మరి ఏం చెయ్యాలె? ముందు మన చేతిలో ఉన్నవి చెప్త.

ఒకటి. పళ్లెంలో అన్నం పావు వంతు తగ్గించి, ఆ జాగల పప్పో, ఉలవలో, అలసందలో, ఆకుకూరో పెట్టండి. వీటి పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకొని బయటికి పంపుతది. దాంతోటి ఎల్‌డీఎల్ తగ్గుతది. జొన్న మంచిదే, కానీ అదీ పిండిపదార్థమే. గటక గంపెడు తింటే షుగర్ తగ్గదు.

రెండు. నూనె మనిషికి నెలకు ముప్పావు కిలో దాటొద్దు. కాగిన నూనెను మళ్లీమళ్లీ కాచొద్దు. డాల్డా మానండి. దాంట్లో ఉండే ట్రాన్స్ కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచి హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తది. నూనెల్లో, వనస్పతిలో అది 2 శాతం మించొద్దని 2022 జనవరి నుంచి దేశంలో నిబంధన ఉన్నది.

మూడు. బీడీ, గుట్కా, సారా. వీటి గురించి మెత్తగ చెప్పలేను. బీడీ రక్తనాళం గోడను గాయపరుస్తది. మందు ట్రైగ్లిజరైడ్లను పెంచుతది.

నాలుగు. మీ ఎత్తంత దారం తీసుకోండి. సగానికి మడవండి. బొడ్డు మీదుగా నడుం చుట్టూ తిప్పండి. అందకపోతే పొట్ట కొవ్వు ఎక్కువైనట్టే. ఈ సభ అయిపోంగనే దారం ఉండ ఇస్త, అందరం కొలుచుకుందాం.

ఐదు. ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరూ బీపీ, షుగర్ చూపించుకోవాలె. సర్కారు దవాఖానలో కొలెస్ట్రాల్ పరీక్షకూ నెత్తురు ఇయ్యండి. గుండెపోటు వచ్చినోళ్లు డాక్టరు చెప్పకుండ గోళీలు ఆపొద్దు. నన్ను కులం చూసి మాట్లాడిండని కోపమొచ్చినా, ఆ గోళీలను నేను పారెయ్యలేదు. మందుకు కులం లేదు.

ఇవి ఇంట్ల చేసేటివి. కానీ ఇంట్ల మాత్రమే చేస్తే సరిపోదు. "అన్నం తగ్గించు" అని కూలి మనిషికి చెప్పుడు అలక. ఆ జాగల పెట్టడానికి పప్పు ఎక్కడిది? అందుకే సంఘం తరఫున అడగాలె. రేషన్‌లో బియ్యంతో పాటు కందిపప్పు, జొన్నలు, పల్లినూనె కావాలె. అంగన్‌వాడీ తిండి లెక్క వాడ తల్లుల ముందర చెప్పాలె. జహీరాబాద్ దిక్కు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు పడావు పడ్డ భూములు సాగు చేసి, జొన్నలు పండించి, ఊళ్లెనే ధాన్యం నిధి పెట్టుకొని పేదలకు పంచిండ్రు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. భూమి చేతికొస్తే పళ్లెం ఎట్ల మారుతదో వాళ్లు చేసి చూపిండ్రు.

ఏం తినాలో మనకు వేరేటోడు చెప్పొద్దు. కానీ ఏం తింటున్నమో మనం లెక్క రాసుకోవాలె. వచ్చే జయంతికి ఈ చెట్టు కింద డప్పు పట్టే చేతులు ఒక్కటి కూడా తగ్గొద్దు.

ఇగ దారం ఉండ తీసుకరాండ్రి.

జై భీమ్!