స్మాల్ టాక్ - లోకాభిరామాయణము



తెలుగున "మీతో ఒక చిన్న మాట" అన్నచో వినువాడు జంకును. అప్పు అడుగబోవుచున్నాడేమో యని. ఆంగ్లమునందలి "స్మాల్ టాక్" అట్టి చిన్న మాట కాదు. ఏమియు కోరక, ఏమియు తేల్చక సాగెడి పలుకునకు అది పేరు. 18వ శతాబ్దమున చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు కుమారునకు వ్రాసిన లేఖలలో ఈ పదము కనబడును. పెద్దల కొలువులలో మెలగువాడు ఈ విద్యను తప్పక నేర్వవలెనని ఆయన యభిప్రాయము.

జర్మనులు ఈ పదమును ఉన్నదున్నట్లు తెచ్చుకొనిరి. వారికి "ప్లౌడెరై" యను స్వంత మాట లేకపోలేదు. అయినను అది ఇష్టులైనవారు తీరికగా చెప్పుకొను ముచ్చట. కొలువులోనో విందులోనో పరిచయము లేనివారితో నెరపవలసిన మాటల నేర్పు వేరు. దానికి పరభాషాపదమే అనువైనట్లున్నది. వచ్చిన పదము పుంలింగమా, నపుంసకలింగమా యని తేలక, నిఘంటువు రెండింటిని అంగీకరించినది! ఆ విద్య నేర్పుటకు నేడు అచ్చట పుస్తకములును, తరగతులును కలవు. ఫ్రెంచివారు మాత్రము "వానను, మంచి వాతావరణమును గూర్చి మాటలాడుట" యను తమ పలుకుబడిని విడువలేదు. జపానువారి "సెకెన్‌బనాషి" యనగా లోకపు ముచ్చట. మన లోకాభిరామాయణమునకు ఇది ఎంత చేరువ! రాముని పేరు నిలుపుకొన్న మన మాటలో రామకథ మాత్రము లేదు.

ఎరువు ఒకవైపే సాగలేదు. పారసీకము నుండి హిందుస్తానీకి వచ్చిన "గప్" ఆంగ్లేయుల నోట "గప్"గానే నిలిచి, 1886లో వెలువడిన "హాబ్సన్-జాబ్సన్" నిఘంటువునకెక్కినది. తెలుగున అదే "గప్పాలు" అయి బడాయిగా మారినది. అరబ్బీ "ఖబర్" మనకు "కబురు" అయినది. ఏకవచనమున అది వార్త, బహువచనమున కాలక్షేపము. ఈ సొగసు మూలభాషలో లేదు, మనవారు కల్పించుకొన్నదే. కావున పరపదము వచ్చినదని బెంగపడ నక్కరలేదు.

బెంగ వేరొకటి కలదు. వట్టి మాటలు వట్టివి కావని, మనిషికి మనిషిని ముడివేయుటయే వాని పని యని మాలినోవ్‌స్కీ పండితుడు 1923లో వ్రాసెను. రాజధానిలో పెరుగు తెలుగు బిడ్డకు "అన్నము తిన్నావా, పాఠము చదివితివా" యను అవసరపు మాటలు తెలుగుననే వినబడుచున్నవి. కబుర్లు మాత్రము స్నేహితులతో హిందీలోనో, ఆంగ్లములోనో సాగుచున్నవి. ఊరి నుండి అమ్మమ్మ వచ్చినపుడు ఆ బిడ్డ అడిగిన ప్రతి ప్రశ్నకును చక్కని తెలుగున బదులు చెప్పును. ప్రశ్నలు ముగిసిన పిమ్మట ఏమి పలుకుటకును తోచక ఆమె ప్రక్కన ఊరక కూర్చుండును.