వంగిన తల

 

పట్టాలు అందుకున్న బిడ్డలారా, ఈరోజు మీ పేరు పక్కన కొన్ని అక్షరాలు చేరాయి. మీ ఈడులోనే పెద్ద బిరుదు పొందిన ఒక తెలుగువాడి సంగతి చెబుతాను.

అయ్యలసోమయాజుల గణపతి శాస్త్రి 1878లో బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టారు. 1900లో నవద్వీప పండితులను ఆశుకవిత్వంతో మెప్పించి 'కావ్యకంఠ' అనిపించుకున్నారు. శాస్త్రాలు చదివారు, ఏళ్ల తరబడి మంత్రజపం చేశారు. అయినా లోపల చూసుకుంటే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది.

1907 నవంబరులో ఎండవేళ ఆయన అరుణాచలం కొండెక్కారు. విరూపాక్ష గుహ దగ్గర కౌపీనంతో కూర్చున్న యువకుడు తనకంటే ఏడాది చిన్న. ఆ మహాపండితుడు అతని పాదాలు పట్టుకుని, ఇంత చదివినా తపస్సంటే ఏమిటో తెలియలేదని చెప్పుకున్నారు. యువకుడు చాలాసేపు మౌనంగా చూశాడు. 'నేను' అనే తలపు ఎక్కడ పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే లీనమవుతుందనీ, అదే తపస్సనీ అన్నాడు. ఆ యువకుడికి భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరు పెట్టింది ఈ కావ్యకంఠులే.

వంచిన తల కవిని చిన్నబుచ్చలేదు. ఆయన స్తోత్రకావ్యం 'ఉమాసహస్రం' ఆ తర్వాతే పుట్టింది.

నా అనుభవం ఒకటి చెప్పాలి. పాఠాలు చెప్పే రోజుల్లో పన్నెండేళ్లు ఒకే నోట్సు వాడాను. ఒకరోజు వెనక బెంచీ అమ్మాయి లేచి, బోర్డు మీద మూడో మెట్టు తప్పంది. "కూర్చోమ్మా" అని గద్దించాను. రాత్రి లెక్క వేసి చూస్తే ఆ పిల్లదే ఒప్పు. క్లాసులో నా మొహం జేవురించింది లెక్క తప్పినందుకు కాదు, 'నాకే చెబుతుందా' అని. ఆ 'నాకే' ఎక్కడ లేచిందో ఆ రాత్రి వెతికాను. మరునాడు క్లాసులో తప్పు ఒప్పుకున్నాను. పాత నోట్సు పక్కన పెట్టి మళ్లీ చదవడం మొదలుపెట్టాను.

అన్నీ తెలుసనుకున్న చోటే మనిషి ఎదుగుదల ఆగుతుంది. రేపు ఆఫీసులో ఎవరో మీ తప్పు చూపిస్తారు. జవాబిచ్చేముందు ఒక్క క్షణం ఆగి, నొచ్చుకున్న ఈ 'నేను' ఎవరని లోపలికి చూడండి. చూస్తూ ఉంటే దాని పట్టు సడలుతుంది.

మీకంటే ఎక్కువ తెలిసినవారు ఎదురైతే వయసు, హోదా చూడకండి. పక్కన కూర్చుని నేర్చుకోండి. శుభమస్తు.