ఎదిగెడి పిల్లలకు శాకాహారము: ఎంత వలయును?
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



అన్నసత్రములు కట్టించుటయందును, విద్యార్థులకు వసతిగృహములు నెలకొల్పుటయందును మన వైశ్యులకు పేరు కలదు. పరులకు కడుపునిండ పెట్టెడి మనము మన పిల్లల విస్తరిలో తగినంత వడ్డించుచున్నామా యని విచారింపవలసి యున్నది.

ఈ విషయమున మనకు ప్రమాణము దూరమున లేదు. 1918లో కూనూరున మెకారిసన్ దొరగారు ఆరంభించిన చిన్న పరిశోధనశాలయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర వెలయుచున్నది. 2020లో వెలువడిన ఆ సంస్థవారి లెక్క ననుసరించి, దినమునకు 13 మొదలు 15 ఏండ్ల బాలురకు 2,860 కేలరీలు, బాలికలకు 2,400. 16 మొదలు 18 ఏండ్ల బాలురకు 3,320, బాలికలకు 2,500 వలయును. ఇవి సగటు లెక్కలు. ఆటపాటలను బట్టి హెచ్చుతగ్గు లుండును.

ఇక అంగడిలో కూర్చుండి పద్దులు వ్రాసికొనెడి తండ్రికో? 2,110 చాలునని వారే చెప్పుచున్నారు. అనగా పదుమూడేండ్ల కూతునకు తండ్రికంటె నెక్కుడు ఆహారము కావలయును. అట్టి పిల్ల మగవారి పంక్తి లేచిన పిదప మిగిలినదానితో సరిపెట్టుకొనెడి యాచారము ఏ యింట నున్నను అది మానదగినది.

మాంసము లేనిదే బలము రాదనువారు కలరు. మే మది యొప్పుకొనము. బియ్యమున కొఱవడిన మాంసకృత్తుల భాగమును పప్పు పూరించును. చిక్కెల్ల పరిమాణమునందే యున్నది. చారును, నీళ్లమజ్జిగయు కడుపు నింపునేగాని శక్తి నంతగా నీయవు. పదునాఱేండ్ల బాలునకు దినమునకు బియ్యము 450 గ్రాములు, పప్పు 100, గేదెపాలు పెరుగు కలిపి అరలీటరు, నూనె నెయ్యి 45 గ్రాములు, వేరుసెనగలు 40, బెల్లము 30, వీనితో కూరలు, పండ్లు చేరినచో సుమారు 3,300 కేలరీలు సమకూరును. ఇది రెండు పూటల భోజనమున నిముడునది కాదు. ఉదయమున ఫలాహారము, సాయంకాలమున వేరుసెనగలో గుగ్గిళ్లో తప్పక యుండవలయును.

కేలరీలతోనే పని ముగియదు. 16 మొదలు 18 ఏండ్ల బాలురకు ఇనుము 26 మిల్లీగ్రాములు చాలగా బాలికలకు 32 వలయును. ఆకుకూరలు, పప్పులు, నువ్వులు తినిపించి, పైన నిమ్మరసమో ఉసిరికయో చేర్చినచో ఇనుము బాగుగ నొంటబట్టును. భోజనమైన వెంటనే కాఫీ, తేనీరు త్రాగుట దాని కడ్డు. బి12 విటమిను మొక్కలనుండి లభింపదు గనుక శాకాహారులకు పాలు, పెరుగులే యాధారము. వానిని కూడ విడిచినవారు వైద్యుని యడిగి మందుగా పుచ్చుకొనవలయును.

కావున మేము మూడు మాటలు విన్నవించుచున్నాము. వసతిగృహముల దినుసుల పట్టీని తలకింత యని తూచి వ్రాయుడు. పొదుపు చేయవలసి వచ్చినచో పాలను, పప్పును తగ్గింపకుడు. ఇంట ఆడపిల్లను మొదటి పంక్తిని కూర్చుండబెట్టుడు. లాభనష్టములు లెక్కించుట మనకు నేర్పవలసిన విద్య కాదు. ఆ లెక్కనే వంటయింటికి కొనిపోవుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాము.