"ఇంటికి తీసుకెళ్లండి" అన్న తర్వాత ఏం చేయాలి?

ఈరోజు ఎపిసోడ్ కొంచెం బరువైన విషయం మీద. అయినా చివరిదాకా ఉండండి. మీరు చేయగలిగిన పని ఒకటి చెప్తాను. దానికి డబ్బు అక్కర్లేదు, డిగ్రీ కూడా అక్కర్లేదు.

మన ఇళ్లలో చాలామంది విన్న మాట ఒకటుంది. పెద్దాసుపత్రిలో డాక్టరుగారు కొడుకునో కూతురినో పక్కకి పిలుస్తారు. "ఇంక చేసేదేం లేదమ్మా, ఇంటికి తీసుకెళ్లండి" అంటారు. రిపోర్టులన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చేస్తాం. వచ్చాక అసలు కష్టం మొదలవుద్ది. రాత్రిళ్లు నొప్పికి నిద్రుండదు. ముద్ద దిగదు. ఒకే వైపు పడుకుని వీపు మీద పుండ్లు పడతాయి. చూసుకునే మనిషి, ఎక్కువగా ఆ ఇంటి ఆడమనిషే, తిండీ నిద్రా మానేసి సగమైపోద్ది. చుట్టాలు వస్తారు, పళ్లు పెడతారు, పది నిమిషాలు కూర్చుని వెళ్లిపోతారు.

డాక్టరుగారు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. అయితే జబ్బు నయం చేసే పని అయిపోయిందనే ఆయన చెప్పారు. ఆ మనిషిని చూసుకునే పని మిగిలే ఉంది. దాన్నే పాలియేటివ్ కేర్ అంటారు, మన భాషలో ఉపశమన చికిత్స. చివరి దశలో ఉన్నవాళ్లకి ఆ సేవ అందించే చోటుని హాస్పిస్ అంటారు.

ఈ హాస్పిస్ ఇప్పుడున్న రూపంలో ఎలా మొదలైందో తెలుసా? లండన్‌లో సిసిలీ సాండర్స్ అని ఒకావిడ. నర్సుగా చేస్తూ నడుం నొప్పి వల్ల ఆ ఉద్యోగం వదిలేసి, ఆసుపత్రిలోనే సోషల్ వర్కర్‌గా చేరారు. 1948లో డేవిడ్ టాస్మా అనే పోలండ్ శరణార్థి క్యాన్సర్‌తో ఆవిడ పని చేసే వార్డులో ఉన్నారు. నా అన్నవాళ్లు ఎవరూ లేరు. ఆవిడ వెళ్లి కూర్చుని మాట్లాడేది. ఇలాంటివాళ్ల కోసం ఒక చోటు ఉంటే ఎంత బాగుంటుందో ఇద్దరూ అనుకునేవాళ్లు. చనిపోతూ ఆయన తన దగ్గరున్న 500 పౌన్లు ఆ పని కోసం రాసిచ్చారు. తర్వాత ఆవిడ చివరి దశ రోగులుండే ఒక ఆసుపత్రిలో వాలంటీర్‌గా పనిచేశారు. నొప్పి భరించలేనంత అయ్యాక కాకుండా, టైము ప్రకారం ముందే మందు ఇస్తే మనిషి తేలిగ్గా ఉంటున్నాడని గమనించింది అక్కడే. ఆ తర్వాత మెడిసిన్ చదివి, 38 ఏళ్ల వయసులో డాక్టరయ్యారు. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. అంటే ఇంత పెద్ద ఉద్యమం వెనకాల ఉన్నది, మంచం పక్కన కూర్చుని గమనించిన ఒక వాలంటీర్ అండి.

మన దేశానికి వద్దాం. మొదటి హాస్పిస్ 1986లో ముంబయిలో వచ్చింది, పేరు శాంతి అవేద్నా సదన్. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మరికొందరితో కలిసి ఉపశమన చికిత్స మొదలుపెట్టారు. కొన్నాళ్లకి వాళ్లకి ఒక సంగతి అర్థమైంది. మంచం దిగలేని మనిషి ఆసుపత్రికి ఎలా వస్తాడు? మనమే వాళ్ల ఇళ్లకి వెళ్లాలి. మరి అంతమంది డాక్టర్లు ఎక్కడున్నారు? అందుకని మలప్పురం లాంటి జిల్లాల్లో ఊరివాళ్లనే అడిగారు. వారానికి రెండు గంటలు ఇవ్వగలరా అని. ఒప్పుకున్నవాళ్లకి శిక్షణ ఇచ్చారు. ఆ నెట్‌వర్క్ అలా అలా పెరిగింది. 2008లో కేరళ ప్రభుత్వం దీని కోసం ఒక విధానమే తెచ్చింది.

మన తెలుగువాళ్లకి హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ ఉంది, 2011 నుంచి నడుస్తోంది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ వాళ్లు మొదలుపెట్టారు. రోగుల దగ్గర డబ్బు తీసుకోరు. బాగానే ఉంది. కానీ ఏలూరు నుంచి హైదరాబాద్ మూడొందల కిలోమీటర్ల పైనే. కొల్లేరు లంకల్లో మంచాన ఉన్న తాతని అంత దూరం తీసుకెళ్లమని ఎవరికి చెప్తాం? అందుకే మనకి కావాల్సింది కేరళ పద్ధతి. ఎవరి ఊళ్లో వాళ్లు, వారానికి రెండు గంటలు.

2020 డిసెంబరు మన ఏలూరోళ్లు ఎవరూ మర్చిపోరు. వన్ టౌన్‌లో ఉన్నట్టుండి జనం ఫిట్స్ వచ్చి పడిపోయారు. కొద్దిరోజుల్లోనే ఆరొందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని తేలింది. కానీ మొదటి రోజుల్లో అదేం జబ్బో డాక్టర్లకే తెలీదు. ఆసుపత్రి బయట నిలబడ్డ తల్లిదండ్రుల్ని టీవీలో చూశాం. చాలామంది త్వరగానే కోలుకుని ఇళ్లకెళ్లారు, అది వేరే సంగతి. కారణం తెలియని ఆ రోజుల్లో కూడా పేషెంటు చెయ్యి పట్టుకునే మనిషి అవసరం ఉంది కదా? డాక్టరు దగ్గర సమాధానం లేని రోజున కూడా చేయాల్సిన పని ఉంటుందని మన ఊరు కళ్లారా చూసింది.

సరే, మీరేం చేయొచ్చు? ముందు ఆసుపత్రి నుంచే మొదలెడదాం. ప్రభుత్వాసుపత్రికి కైకలూరు వైపు నుంచి, బుట్టాయిగూడెం వైపు నుంచి జనం వస్తారు. ఓపీ చీటీ ఎక్కడో, స్కానింగ్ ఏ గదో, మందులు ఏ కిటికీలో ఇస్తారో తెలీక తిరుగుతుంటారు. ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఓపీ టోకెన్ వస్తోంది. మీకు అర నిమిషం పని. బటన్ ఫోన్ ఉన్న మామ్మగారికి అది కొండంత పని. ఒక పూట అక్కడ నిలబడి దారి చూపించండి చాలు.

రెండోది, మంచాన ఉన్నవాళ్ల దగ్గర. ఇంట్లో చూసుకునే ఆవిడతో "అక్కా, రెండు గంటలు నేనుంటా, మీరు స్నానం చేసి, అన్నం తిని, కాసేపు పడుకోండి" అనండి. పళ్ల కవరు కంటే ఆవిడకి అదే ఎక్కువ సాయం. పేపరు చదివి పెట్టండి. పాత పాటలు పెట్టండి. ఏం మాట్లాడాలో తెలియకపోతే ఊరుకోండి, పక్కన కూర్చుంటే చాలు.

నొప్పి గురించి అడగండి. పదికి ఎంత అంటే పెద్దాళ్లకి అర్థం కాదు. "తాతా, నొప్పి పావలా ఉందా, అర్ధరూపాయా, ముప్పావలానా, నిండు రూపాయా?" అని అడగండి. వెంటనే చెప్తారు. అది రాసుకుని నర్సుకో డాక్టరుకో చెప్పండి. మార్ఫిన్ పేరు వింటే ఇంట్లోవాళ్లు భయపడతారు, అలవాటైపోద్దని. క్యాన్సర్ నొప్పికి డాక్టరు లెక్క ప్రకారం ఇస్తే ఆ భయం చాలావరకు అనవసరం. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం వల్ల లైసెన్సుల గొడవతో చాలా ఆసుపత్రులు ఆ మందే పెట్టుకోవడం మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి కాస్త సులువు చేశారు. భయమున్న ఇంటివాళ్లకి "ఒకసారి డాక్టరుగార్ని అడగండి" అని చెప్పడం వరకే మన పని.

చేయకూడనివి కూడా ఉన్నాయండోయ్. మందులు మీరు ఇవ్వొద్దు. నర్సునో ఇంట్లోవాళ్లనో అడక్కుండా నీళ్లు కూడా తాగించొద్దు. మింగలేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోద్ది. "ఏం కాదు, తగ్గిపోద్ది" అని అబద్ధం చెప్పొద్దు. ఫొటోలు, రీల్స్ అసలే వద్దు. ఆ మంచం మీద ఉన్నది ఒకరి నాన్న, ఒకరి అమ్మ. అక్కడ విన్నది అక్కడే వదిలేయండి. అన్నిటికంటే ముఖ్యం, వస్తానన్న రోజు మానొద్దు. రోజంతా మీ కోసం గుమ్మం వైపు చూసే మనిషి ఉంటారు, వాళ్లకి వచ్చే వారం అనేది మనకి ఉన్నంత గ్యారంటీ కాదు.

ఎలా మొదలెట్టాలంటే, ఒక్కరే వార్డులోకి వెళ్లిపోకండి. ముందు ఆసుపత్రి సూపరింటెండెంట్ ఆఫీసులో పర్మిషన్ అడగండి. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో చదువుతుంటే మీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ ఆఫీసరుగారితో మాట్లాడండి, నలుగురు కలిసి వెళ్తే సులువు. రాజగోపాల్‌గారు తిరువనంతపురంలో పెట్టిన పాలియం ఇండియా ఆన్‌లైన్‌లో శిక్షణ తరగతులు నడుపుతోంది, చూడండి. మొదటి రెండు వారాలు మనసు బరువెక్కుతుంది. తోటి వాలంటీర్లతో మాట్లాడండి, లోపల దాచుకోవద్దు.

ఈ ఆదివారం మీ వీధిలోనే చూడండి. మంచాన ఉన్నవాళ్లు ఒక్కరైనా ఉంటారు. వాళ్లింటికెళ్లి ఆ రెండు గంటలు ఎప్పుడు కావాలో అడిగి రండి. ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.