ఇంటి కంప్యూటరునకు కావలి

మా యింటి కంప్యూటరులో నా పింఛను పత్రములు, శిష్యుల యుత్తరములు గలవు. నిరుడు తెరపై “వైరసులు ప్రవేశించినవి, వెంటనే సొమ్ము చెల్లింపుఁడు” అని యెఱ్ఱని యక్షరములు కనఁబడఁగా భీతిల్లి చెల్లింపఁబోతిని. మనుమరాలు వారించి, “తాతయ్యా, దొంగయే కావలివాని వేషము వేసికొని వచ్చినాఁడు” అనెను.

విండోసు 11తో డిఫెండరను రక్షకుఁ డుచితముగనే వచ్చును. మా యింటి కదియే చాలినది. వేఱొకటి కొనఁదలఁచువారు ప్రకటనలను గాక, జర్మనీలోని ఏవీ-టెస్టు, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్సు సంస్థల పరీక్షాఫలితములను చూడవలెను. రెండు రక్షకములను మాత్ర మొక్కసారి నడుపరాదు. ఒకదాని పని కొకటి యడ్డుపడి యంత్రము మందగించును. ఒక్క రోగికి ఇద్దఱు వైద్యులు మందు పోసినట్లే!

2017 మే నెలలో వానాక్రై వ్యాపించెను. దానిని వారించు అప్‌డేటు మార్చిలోనే వెలువడియున్నను, పెక్కుమంది వేసికొనరైరి. అది తెలిసినది మొదలు అప్‌డేటు కోరినపుడెల్ల నేను జాగు చేయక సమ్మతించుచున్నాను.