యంత్రశాలకు గురువు కావలెను
(పామర్రు పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



నేను వృత్తిచేత న్యాయవాదిని; ఈ పఠనమందిరమునకు వాలంటీరును. మోటారు విప్పుట నాకు రాదు. బండి దారిలో నిలిచిపోయినచో దిగి, మేస్త్రీ కొరకు ఎదురుచూచువారిలో నేనొకడను. అట్టివాడు మోటారు విద్యను గూర్చి ఉపన్యసించుట యేమని మీరు నవ్వవచ్చును. కాని ఆకలిని గూర్చి చెప్పుటకు వంటవాడే కానక్కరలేదు. గురువు లేని లోటును కన్నులార చూచితిని గనుక చెప్పుటకు వచ్చితిని.

ఇటీవల మన ప్రాంతమున ఒక ఉన్నత పాఠశాలకు పోయితిని. దాని పేరు చెప్పను. చెప్పినచో లోటు దానిది మాత్రమేయని తక్కినవారు నిశ్చింతగా నుందురు. అచ్చట మోటారు వాహనముల మరమ్మతు నేర్పు తరగతి కలదు. షెడ్డు కలదు. ఇనుప చట్రముపై నిలిపిన ఇంజను కలదు. గోడకు వరుసగా పానాలు వ్రేలాడుచున్నవి. లేనిది ఉపాధ్యాయుడొక్కడే. ఉన్న ఆయన అధిక వేతనమునకై వేరొకచోటికి పోయి నెలలైనది. షెడ్డునకు తాళము పడినది. లెక్కల మాస్టారు తీరికవేళ పుస్తకము చదివి వినిపించుచున్నారు. ఒక బాలుని పిలిచి ఇంజను పనిచేయు నాలుగు దశలను చెప్పుమంటిని. తప్పులేకుండ అప్పగించెను. తాళము తీయించి, పానా చేతికిచ్చి, ఒక నట్టు వదులుచేయుమంటిని. ఎటు త్రిప్పవలెనో తెలియక వాడు నా ముఖము చూచెను. నాకును తెలియదు గనుక నేను ప్రధానోపాధ్యాయుల ముఖము చూచితిని.

వారు నిట్టూర్చి, "ప్రకటన చేసితిమండీ. అర్హత గలవారు రాలేదు, వచ్చినవారికి అర్హత లేదు" అనిరి. సభాసదులారా, నేటి నా ఉపన్యాసమంతయు ఈ ఒక్క వాక్యమునకు వ్యాఖ్యానము.

వచ్చి తిరిగిపోయిన ఆ ఒక్కరెవరని విచారించితిని. ముప్పది యేండ్లుగా లారీ ఇంజనులు విప్పి బిగించుచున్న ఒక మేస్త్రీ. ఆయన షెడ్డుకు పోయితిని. చేతులు తుడుచుకొని వచ్చి, "ప్లీడరుగారూ, నేను ఉద్యోగానికని పోలేదండీ. నా దగ్గర పని నేర్చిన పిల్లలకు చదువు లేదు, చదువుకొనే పిల్లలకు పని రాదు. రెండూ ఒకచోట ఉంటే బాగుంటుందని పోయినాను. కాగితం అడిగినారు. లేదన్నాను. వచ్చేసినాను" అనెను. ఆ మాటలో కోపము లేదు. ఉన్నచో నా కింత బాధ కలుగకపోవును.

ఈ విద్య మనకెంత అవసరమో చెప్పుటకు దూరము పోనక్కరలేదు. మన పామర్రు కూడలిలో నిలిచి చూడుడు. విజయవాడనుండి బందరు పోవు బాటయు, గుడివాడ మీదుగా దిగమర్రు పోవు బాటయు ఇచ్చట కలియును. ధాన్యపు లారీలు, ట్రాక్టర్లు, వరికోత యంత్రములు, ఆటోలు, బస్సులు ఎడతెగక సాగుచుండును. కోతల కాలమున యంత్రము ఒక దినము నిలిచి, ఆ రాత్రి వాన కురిసినచో రైతునకు కలుగు నష్టము మీకు నేను చెప్పవలెనా? ఇక న్యాయస్థానమున నేనెరిగిన సంగతి యొకటి చెప్పెదను. 1988 మోటారు వాహనముల చట్టము క్రింద నష్టపరిహారము కోరుచు వచ్చువారి కాగితములు చదువునపుడు, కొన్నిటిలో బ్రేకు పట్టలేదన్న మాట కనబడును. ఆ బ్రేకును బిగించిన చేయి యెవరిది? ఆ చేతికి నేర్పిన దెవరు? ఈ ప్రశ్న లడుగునాటికి ఒక ఇంట దీపము ఆరిపోయి యుండును.

ఈ సమస్య క్రొత్తదనియు, మన పెద్దలకు తెలియదనియు తలపరాదు. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినవారిలో కోపల్లె హనుమంతరావుగారు న్యాయశాస్త్ర పట్టభద్రులు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు వైద్యులు. ముట్నూరి కృష్ణారావుగారు పత్రికా సంపాదకులు. మువ్వురును కలముతో పనిచేయువారే. ఐనను సాహిత్య శాస్త్రముల సరసనే నేతకును, వడ్రంగమునకును, యంత్రపు పనికిని వారు చోటిచ్చిరి. చిత్రలేఖనము నేర్పుటకు తగిన గురువు కావలసివచ్చినపుడు వంగదేశమునుండి ప్రమోదకుమార చట్టోపాధ్యాయులను రప్పించిరి. ఆయన శిష్యులలో అడవి బాపిరాజుగారొకరు. వంగదేశమెక్కడ, బందరెక్కడ? తగిన గురువునకై అంతదూరము దృష్టి సారించినవారి జిల్లాలో, ఊరిలోనున్న గురువును గుమ్మమునుండి త్రిప్పి పంపితిమి.

చట్టము అడ్డమందురా? చట్టమును చదువుటయే నా జీవనోపాధి గనుక ఆ సంగతి కొంత విన్నవించెదను. 2018లో ప్రారంభమైన సమగ్ర శిక్షా పథకము క్రింద తొమ్మిదవ తరగతినుండి పండ్రెండవ తరగతి వరకు వృత్తివిద్య నేర్పు ఏర్పాటు కలదు. అందు మోటారు వాహనముల విద్యయు ఒకటి. 2020 జాతీయ విద్యావిధానము ఇంకొక యడుగు ముందునకు వేసి, స్థానికులైన నిపుణులను పాఠశాలలు ప్రత్యేక బోధకులుగా నియమించుకొనుటను ప్రోత్సహించవలెనని పలికినది. 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు, తమ రంగమున ఆరితేరిన అనుభవజ్ఞులను డాక్టరేటు లేకున్నను ఆచార్యులుగా తీసికొనవచ్చునని నియమములు చేసిరి. అట్టివారు మంజూరైన పదవులలో నూటికి పదిమందికి మించరాదని హద్దును పెట్టిరి. విశ్వవిద్యాలయమున ఆచార్యపీఠమునకు పనికివచ్చిన న్యాయము, ఉన్నత పాఠశాల షెడ్డునకు పనికిరాకుండునా?

కాగితము వ్యర్థమని నేననుట లేదు. నాకును పట్టా కలదు. కాని పట్టా పొందిన నాడు నాకు వాదించుట రాలేదు. పెద్ద వకీలుగారి వెంట కట్టలు మోసి, వారు సాక్షిని ఎట్లు ప్రశ్నించుచున్నారో చూచి నేర్చుకొంటిని. పట్టా కోర్టులో ప్రవేశమిచ్చినది. విద్య నిచ్చినది గురువు.

రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. రెండును త్రోసిపుచ్చదగినవి కావు.

మొదటిది: మేస్త్రీకి పని తెలియును గాని బోధించుట తెలియదు. నిజమే. షెడ్డులో శిష్యుడు చూచి నేర్చుకొనును. "ఎందుకు" అని అడిగినచో మొట్టికాయ దొరకును. పాఠశాలలో ఆ "ఎందుకు" అన్నదే ప్రాణము. అందుచేత మేస్త్రీని ఒంటరిగా వదలరాదు. భౌతికశాస్త్ర మాస్టారును ఆయన ప్రక్కన నిలుపుడు. ఒకరు పిస్టను చేతికిచ్చిన, రెండవవారు పీడనమును వివరింతురు. ఏడాది తిరుగునప్పటికి మాస్టారు చేతులకు నూనె అంటును. మేస్త్రీ నోటికి మాట వచ్చును.

రెండవది: బండ్లు మారినవి, పాత చేయి చాలదు. ఇదియు నిజమే. 2020 ఏప్రిల్ 1నుండి బి.ఎస్. 6 నియమములు వచ్చినవి. మోటారు సైకిళ్లలో సైతము కార్బురేటరు పోయి, ఇంధనమును కొలిచి చిమ్ము యంత్రము వచ్చినది. పూర్వము చెవి యొగ్గి కనిపెట్టిన లోపమును నేడు తీగ తగిలించి తెరపై చదువవలసియున్నది. విద్యుత్తు బండ్లలో బ్యాటరీని తెలియక ముట్టుట ప్రాణాపాయము. కాని ఈ మార్పునకు మందు గురువును త్రిప్పి పంపుట కాదు. గురువునకును ఏటేట చదువు చెప్పించుట. విజయవాడలో 1966లో వెలసిన ఆటోనగరు మనకు దగ్గరనే యున్నది. వేసవి సెలవులలో మాస్టారులు అచ్చటికి పోయి క్రొత్త బండ్లపై పని చూచి రావచ్చును.

ఇక వేతనము మాట. వృత్తివిద్యా బోధకులను అనేక రాష్ట్రములలో మధ్యవర్తి సంస్థల ద్వారా ఒప్పందముపై తీసికొనుచున్నారు. వచ్చే యేడు ఉండుదునో లేదో తెలియనివాడు పిల్లలలో పాదుకొనడు. షెడ్డులో దినమునకు వచ్చుదానికంటె తక్కువ ఇచ్చి, సేవాభావముతో రమ్మనుట మర్యాద కాదు. పోయిన ఉపాధ్యాయుని నేను నిందింపను. ఆయనకును బిడ్డలు కలరు.

కావున మీకు నా విన్నపము. ఐదుగురు పెద్దలు సంఘముగా ఏర్పడుడు. పాఠశాల కమిటీ తీర్మానముతో జిల్లా విద్యాశాఖవారికి అర్జీ పెట్టుడు. ఆ అర్జీ నేను ఉచితముగా వ్రాసి యిచ్చెదను. ఉత్తరువు వచ్చువరకు వారమునకు రెండు దినములు అతిథి బోధకునిగా రమ్మని మేస్త్రీని మీరే పోయి పిలువుడు. గౌరవ వేతనమును లారీ యజమానులును, ధాన్యపు వర్తకులును, మావంటి వకీళ్లును చందా వేసికొందము. నా మొదటి చందా ఇదిగో, ఈ బల్లమీద పెట్టుచున్నాను.

మరియొక్క మాట. ఆయన వచ్చిననాడు ఉపాధ్యాయుల గదిలో కుర్చీ వేయుడు. గుమ్మములో నిలువబెట్టకుడు. పిల్లలు ఆయనను "మేస్త్రీ" అని గాక "మాస్టారు" అని పిలువవలెను. మన పిల్లలు చేతిపనిని ఎంత గౌరవింతురో, ఆ పనివానికి మనము చూపు మర్యాదను చూచియే నేర్చుకొందురు.

నేను మరల ఆ మేస్త్రీవద్దకు పోయి, ఊరివారు పిలిచిన వత్తువా అని అడిగితిని. కొంచెముసేపు ఊరకుండి, "కుర్చీ సంగతి తర్వాత చూద్దామండీ. ముందు ఆ షెడ్డు తాళంచెవి ఇప్పించండి. అన్నాళ్లు తిప్పకపోతే ఇంజను పట్టేస్తుంది" అనెను.

తాళపుచెవి మీ చేతిలో నున్నది.